ఐదో బోరుకు ఓటేసే ముందు బేస్‌మెంట్ దాకా రండి

బెంగళూరులో సర్జాపుర రోడ్డు పక్కన మేముండే అపార్ట్‌మెంట్ సంఘం కార్యవర్గానికి, ఇలాంటి తీర్మానమే చేతిలో పెట్టుకుని కూర్చున్న ఇరుగుపొరుగు సంఘాలన్నిటికీ,

నమస్కారం.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశమని లిఫ్టు పక్కన కాగితం అంటించారు. అందులో నాలుగో అంశం ఐదో బోరు. 1,500 అడుగులు, కేసింగు, మోటారు, కేబులు అన్నీ కలిపి ఫ్లాటుకు ఇంత వసూలు అని పక్కనే అంకె కూడా వేశారు. ఫ్లాటు మా అబ్బాయి పేరున ఉంది కాబట్టి నాకు ఓటు లేదు. మాట్లాడే వీలు కూడా లేదని పోయినసారి మర్యాదగానే చెప్పారు. ఉత్తరం రాయడానికి ఓటు అడగరు కదా అని రాస్తున్నాను. 120 ఫ్లాట్లలో సగానికి పైగా మనవాళ్లే, అందులోనూ అనంతపురం, కడప, చిత్తూరు వైపు వాళ్లే ఎక్కువ. అందుకే తెలుగులో రాస్తున్నాను. కన్నడం చదివే ఇళ్లకు మా మనవరాలు కన్నడంలో తిరగరాసి ఇస్తానంది. ఈ ఊళ్లో పుట్టిన పిల్ల, దానికి ఒత్తులు తప్పుపోవు.

నాది కదిరి దగ్గర పల్లె. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు సోషల్ పాఠం చెప్పి రిటైరయ్యాను. కాబట్టి ఉత్తరం కాస్త పాఠంలాగా సాగితే ఓర్చుకోండి.

మా నాయన పదకొండు బోర్లు వేయించినాడు. అంతకుముందు మాకు కపిలబావి, అంటే ఎద్దులు తోలుబానను మోకుతో లాగి నీళ్లు తోడే బావి, ఉండేది. నలభై అడుగుల లోతు, ఒక పక్క రాతిమెట్లు. బావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాడి గూళ్లు వేలాడేవి. గోడ సందుల్లో గోరింకలు, అడుగున ఒక ముసలి తాబేలు. ఆ తాబేలు మా అవ్వ కాపురానికి వచ్చేనాటికే ఉందని చెప్పేవాళ్లు, ఎంతవరకు నిజమో. ఎండాకాలంలో మద్దిలేరు ఇసుకలో చెలమ తోడితే మూరెడు లోతులో నీళ్లూరేవి. కుండ ముంచడానికి సరిపోయేవి.

1983లో మా ఊరికి మొదటి బోరు బండి వచ్చింది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని పొలమంతా తిరిగిన పెద్దమనిషి ఒక పాయింటు పెట్టాడు. 140 అడుగుల్లో మూడు ఇంచుల నీళ్లు పడ్డాయి. ఊరంతా ప్రసాదం పంచాం. రెండేళ్లు తిరిగేసరికి కపిలబావిలో బాన మునగడం మానేసింది. వానలు తగ్గాయనుకున్నామే గానీ, బావికీ బోరుకీ ముడిపెట్టి చూడాలని మాకు తోచలేదు. పక్క చేనాయన 200 అడుగులు వేయించాడు, మా బోరు సన్నగిల్లింది. మేం 300కి పోయాం, ఆయనది ఎండింది. ఆయన అప్పు చేసి 450కి పోయాడు. ఇద్దరూ దాయాదులే, ఇద్దరూ మంచివాళ్లే, భూమి అడుగున మాత్రం ఒకరి చేతిలో ముద్ద ఒకరు లాక్కున్నారు. మా చివరి బోరు 2004లో, 820 అడుగులు. రాత్రంతా బండి మోగింది. తెల్లారి చూస్తే కందిచెట్లన్నీ తెల్లగా, పిండి చల్లినట్టు, రాతి దుమ్ముతో ఉన్నాయి. చుక్క పడలేదు. మా నాయన ఒక కందికొమ్మను దులిపి, ఏమీ మాట్లాడకుండా ఇంటికి నడిచినాడు. తర్వాత ఆ భూమి అమ్మేశాం. ఆ డబ్బులోంచే మా అబ్బాయి ఈ ఫ్లాటుకు అడ్వాన్సు కట్టాడు.

అందుకే ఆ కాగితం చూసినప్పుడు నాకు అంకెకన్నా ముందు ఆ కందిచెట్లు కనిపించాయి.

"మన జాగా, మన బోరు, మనల్ని అడిగేదెవరు?" అని గ్రూపులో ఒకరు రాశారు. చట్టం దగ్గర ఆయన మాటకు కొంత ఆధారం ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం తన నేల కింద ఊరే నీటిని తోడుకునే హక్కు ఆ నేల యజమానికే ఇచ్చింది. ఆవిరి మోటార్లు కూడా అరుదైన కాలంలో, మోకులు, తోలు బానలు ఉన్న లోకం కోసం రాసిన నియమం అది. ఎంత తోడినా మనిషి, ఎద్దు తోడగలిగినంతే. ఇప్పుడు స్విచ్చి వేసి నిద్రపోవచ్చు. కర్ణాటకలో 2011 నుంచి భూగర్భ జలాల నియంత్రణకు వేరే చట్టం ఉంది. 2024 మార్చిలో, ఊరికి నీళ్లు సరఫరా చేసే జలమండలి, తన అనుమతి లేకుండా బెంగళూరులో బోరు తవ్వకూడదని కూడా చెప్పింది. మన తీర్మానంలో ఆ అనుమతి ఊసే లేదు. కార్యదర్శి బాబు చూసుకుంటాడని నమ్ముతాను, కానీ నా అభ్యంతరం అనుమతి దగ్గర ఆగదు.

లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీదికి మీ పిల్లల్ని ఎక్కించే ఉంటారు. దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. ఈ ఊరంతా అలాంటి బండ మీదే కూర్చుంది. మా కదిరి చుట్టూ ఉన్నదీ గట్టి రాయే. ఇలాంటి చోట భూమి కింద నది పారుతుంటుందని, బోరు దాన్ని అందుకుంటుందని చాలామంది ఊహ. అలా ఉండదు. పైన ఎర్రమన్ను, దాని కింద రాయి శిథిలమై ఏర్పడిన గరుసు. ఈ రెండూ కలిసి కొన్నిచోట్ల ముప్పై అడుగులు, కొన్నిచోట్ల వంద. వాన నీళ్లు ఇంకి నిలిచేది ముఖ్యంగా ఇక్కడే. మన పెద్దల బావులన్నీ ఈ పొరలోవే. ఆ కింద గట్టి రాయి, అందులో అక్కడక్కడా పగుళ్లు. బోరు బండివాళ్లు "గ్యాప్ తగిలింది సార్" అంటారే, అది ఆ పగులే. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, సన్నబడతాయి, వాటిలోకి పైనుంచి నీళ్లు దిగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. 1,500 అడుగుల్లో మనకు రెండించులు పడ్డాయే అనుకోండి, అది ఎన్నాళ్లుంటుందో బండివాడు రాసివ్వడు. పడకపోతే డబ్బు వెనక్కీ ఇవ్వడు.

లోతు నీళ్లు రాతితో ఎక్కువకాలం కాపురం చేసినవి. ఫ్లోరైడు మోసుకొస్తాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని మన దేశపు ప్రమాణం. నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన కాళ్లు, పసుపు గారపళ్లు నేను పాఠంలో చెప్పినవి కావు, కళ్లారా చూసినవి. కోలారు, చిక్కబళ్లాపురం వైపు బోరు నీళ్లలో యురేనియం కూడా బయటపడింది. మన నాలుగు బోర్లలో రెండు ఎండాయి, పారుతున్న రెండింటి నీళ్లను చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారో కార్యవర్గం ఆదివారం చెబితే సంతోషం.

2024 మార్చి మనం మరిచిపోకూడదు. స్నానానికి జిమ్‌కు వెళ్లినవాళ్లు, కాగితం పళ్లాల్లో తిన్నవాళ్లు మన బ్లాకుల్లోనే ఉన్నారు. నగరంలో సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లుంటే 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. రోజుకు 260 కోట్ల లీటర్లు కావాలి, కావేరి నుంచి 145 కోట్లు, బోర్ల నుంచి 65 కోట్లు వస్తున్నాయి, మిగిలింది లోటు అని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య అప్పట్లో లెక్క చెప్పారు. ఆ నెలంతా మనం ట్యాంకర్ల మీద బతికాం. ట్యాంకర్ నీళ్లు ఎక్కడివి? నేను ఒక డ్రైవర్ని అడిగాను. మన తెలుగువాడే, పలమనేరు అబ్బాయి. "ఆనేకల్ దావలో ఒకాయన తోటలో బోరు మేడం, ఆయప్ప టమోటా పెట్టడం మానేసి నీళ్లమ్ముతా ఉండాడు" అన్నాడు. అంటే మా నాయన పక్క చేను కథే, కాకపోతే ఈసారి రెండు చేల మధ్య దూరం ఇరవై కిలోమీటర్లు. కేంద్ర భూగర్భ జల మండలి వర్గీకరణలో బెంగళూరు నగర జిల్లా మితిమీరి తోడేస్తున్న ప్రాంతం. ఏడాదికి నేలలోకి ఇంకే నీళ్లకన్నా తోడే నీళ్లు ఎక్కువ అని దాని అర్థం.

ఇక బేస్‌మెంట్ సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

మన రెండో బేస్‌మెంట్‌లో, బి బ్లాకు లిఫ్టు వెనక, ఇనుప జల్లెడ కింద ఒక గుంట ఉంది. అందులో చిన్న మోటారు, తేలే స్విచ్చి. గోడల్లోంచి ఊరే నీళ్లు గుంటలో చేరుతాయి, నిండగానే మోటారు తనంతట తనే మోగి ఆ నీళ్లను బయటి మోరీలో పోస్తుంది. మోరీ రాజకాలువలో, అంటే ఊరి పెద్ద వాననీటి కాలువలో, కలుస్తుంది. మన కట్టడం కోసం బిల్డరు ఇరవై అడుగులు తవ్వాడు, అంటే గరుసు పొరను కోశాడు. ఆ ఊటే ఇది. నాకు మోకాళ్ల నొప్పికి నడవమన్నారు డాక్టరు, వాన రోజుల్లో బేస్‌మెంట్‌లోనే నడుస్తాను, అలా కనిపెట్టాను. పోయిన నెల వాచ్‌మన్‌తో పైపు విప్పించి బకెట్ పెట్టించాను. 15 లీటర్ల బకెట్ 20 సెకన్లలో నిండింది. గంటకు 2,700 లీటర్లు. ఆ వారం మోటారు రోజుకు కలిపి నాలుగు గంటలు మోగిందని వాచ్‌మన్ రాసిపెట్టాడు. 10,800 లీటర్లు. అదే వారంలో మనకు ట్యాంకర్లు వచ్చాయి, ఒక్కొక్కటీ 6,000 లీటర్లవి. రోజూ దాదాపు రెండు ట్యాంకర్ల నీళ్లు కరెంటు ఖర్చు పెట్టి పారబోస్తూ, ట్యాంకరు కోసం గేటు దగ్గర ఫోన్లు చేశాం.

ఎండాకాలం ఈ ఊట ఇంత ఉండదు, ఒప్పుకుంటాను. మార్చిలో చూసినవాళ్లు ఆ గుంట అడుగు తడిగా ఉందంతే అన్నారు. ఈ నీళ్లు నేరుగా తాగేవీ కావు. పక్కన డ్రైనేజీ ఎక్కడ పగిలిందో ఎవరికి తెలుసు, నైట్రేటు, క్రిములు ఉండొచ్చు. అయినా మొక్కలకూ టాయిలెట్లకూ కార్లు కడగడానికీ పనికొస్తాయి. మిగిలినవి శుభ్రంగా ఉన్నాయని పరీక్షలో తేలితే తోట మూల ఇంకుడు బావిలో వదలొచ్చు.

కోశాధికారి గారికి లెక్కలంటే ఇష్టం కాబట్టి ఇంకొకటి. మన స్థలం రెండెకరాలు, అంటే దాదాపు 8,090 చదరపు మీటర్లు. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల వాన. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. మన గోడల మధ్య ఏడాదికి కురిసేది సుమారు 78 లక్షల లీటర్లు. మన వాడకం? మనిషికి 135 లీటర్ల చొప్పున, ఇంటికి నలుగురు చొప్పున రోజుకు 64,800, ఏడాదికి 2 కోట్ల 36 లక్షలు. కురిసేది వాడకంలో మూడోవంతు. అదంతా పట్టలేం. పట్టినా వాన నీళ్లతోనే 120 ఇళ్లు గడుస్తాయని నేను చెప్పను, అలా చెప్పేవాళ్లను నమ్మకండి కూడా. అందులో సగం నేలలోకి దింపినా ఇప్పటికన్నా ఎంతో నయం, ఎందుకంటే ఇప్పుడు దించుతున్నది సున్నా. 2009 నుంచి ఈ ఊళ్లో 1,200 చదరపు అడుగులు దాటిన స్థలంలో కొత్త ఇల్లు కడితే వాన నీటి సేకరణ తప్పనిసరి. మనకూ ఉంది, కాగితం మీద. ప్లానులో చూపించిన ఇంకుడు గుంతలు ఆరింటిలో నాలుగింటి మీద సిమెంటు ఇటుకలు పరిచి స్కూటర్ల పార్కింగు చేశాం. ఒకదాన్లో పిల్లల క్రికెట్ బంతులున్నాయి. ఆరోది నాకు దొరకలేదు.

ఇంకుడు బావి అనగానే మన కమిటీలో ఒకాయన "అవన్నీ ఊళ్లల్లో పనులండీ" అన్నారు. పోయినేడు మన వెనక లేఅవుట్‌లో తవ్వుతుంటే నేను వెళ్లి చూశాను. మూడడుగుల వెడల్పు, పాతికడుగుల లోతు, లోపల సిమెంటు వరలు. తవ్వుతున్నది మన్ను వడ్డర్లు. ఈ ఊరి పాత బావుల్లో చాలావాటి వెనక వాళ్ల తాతముత్తాతల చేతులున్నాయి. సర్జాపుర దగ్గర బోవిపాళ్యలో ఉంటారు, ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు. నేను గట్టు మీద నిలబడి "ఎంత లోతయ్యా?" అనగానే, లోపలి నుంచి పెద్దాయన తల పైకెత్తి, "అమ్మా, మీదే ఊరు?" అన్నాడు. కదిరి అంటే, నరసింహస్వామి తేరుకు వాళ్ల తాత నడిచి పోయేవాడట. తర్వాత మాట పని మీదికి వచ్చింది. "పదడుగుల కాడ ఎర్రమన్ను అయిపోతాదమ్మా. గరుసు తగిలేదాకా పోవల్ల. గరుసు తగిలినాక బాయి నీళ్లు తాగుతాది. ఆడికి పోకుండానే వరలు దించి లెక్క తీసుకునేటోళ్లు ఉండారు, చూసుకోండి." నేను పుస్తకంలో చదివి, పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పింది ఆయన చేతికి తెలుసు. బయోమ్ ఎన్విరాన్‌మెంటల్ ట్రస్ట్ వాళ్లు ఈ ఊళ్లో పది లక్షల ఇంకుడు బావులు కావాలని ఏళ్లుగా ప్రచారం చేస్తున్నారు, పని ఈ కులస్తుల చేతికే అప్పగించమంటున్నారు. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులను వీళ్లే పూడిక తీస్తే నీళ్లు ఊరాయి. నగరం నడిబొడ్డున!

బోరు కంపెనీకి ఇచ్చే డబ్బులో మూడోవంతుతో ఇలాంటి బావులు ఎనిమిదో పదో వస్తాయని నేను అడిగి తెలుసుకున్నాను. పూడిక తీత ఖర్చు ఏటా ఉంటుంది, అది కూడా రాసుకోండి. పైకప్పు నీళ్లు మాత్రమే వాటిలోకి పోవాలి, అదీ తొలకరి వాన మురికి బయటికి వదిలాక, ఇసుక, కంకర జల్లెడ దాటాక. కార్లు నిలిపే చోటి నీళ్లు, ఆయిలు కలిసినవి, ఆ దరిదాపుల్లోకి రానివ్వకూడదు. ఎండిన బోరులోకి వాన నీళ్లను నేరుగా పైపు పెట్టి వదిలేద్దామని ఒక సలహా గ్రూపులో తిరిగింది. జల్లెడ లేకుండా ఆ పని చేస్తే మన మురికిని మనమే చుట్టుపక్కల అందరి బోర్లకూ పంచిపెట్టినట్టు.

ఇప్పటిదాకా మనుషుల దాహమే మాట్లాడాను. సోషల్ టీచర్ను కాబట్టి నదుల మాట ఎత్తకుండా వదల్లేను.

నంది హిల్స్‌కు మీరంతా తెల్లవారుజామున మంచు చూడటానికి కార్లు వేసుకు పోతారు కదా. మన పెన్న పుట్టింది అక్కడే. చిత్రావతి, పాపఘ్ని ఆ చుట్టుపక్కలే. పాలారు, అర్కావతి, దక్షిణ పినాకిని కూడా. పుట్టపర్తి, ధర్మవరం, కడప, నెల్లూరు, ఇన్ని ఊళ్ల నీటి కథ ఆ కొండల పాదాల దగ్గర మొదలవుతుంది. వాన వెలిశాక కూడా వంక పారుతుందంటే, ఆ నీళ్లు ఆకాశం నుంచి వచ్చేవి కావు, గట్టు కింద ఇంకిన నీళ్లు తిరిగి ఊరి వస్తున్నవి. పావగడ, మధుగిరి వైపు ఇలాంటి ఊటలను తలపరిగెలంటారు, వాటి కింద వరి పండించిన పల్లెలున్నాయి. నేల కింద మట్టం నది అడుగుకన్నా కిందికి దిగిపోతే నీటి దారి తిరగబడుతుంది. నదికి నేల ఇవ్వాల్సింది పోయి, నదినే నేల తాగేస్తుంది.

అర్కావతి సంగతి చూడండి. 1933లో తిప్పగొండనహళ్లి జలాశయం కట్టారు, ఈ నగరం దశాబ్దాలపాటు ఆ నీళ్లు తాగింది. తర్వాత జలాశయానికి వరద రావడం తగ్గిపోయింది. వానలు తగ్గాయని అందరూ అనుకున్నారు, మేం కపిలబావి దగ్గర అనుకున్నట్టే. అట్రీ సంస్థ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో వాన తగ్గడం కారణంగా కనబడలేదు. బోర్లు, నీలగిరి తోటలు, వంకల మీద అడ్డుకట్టలు, ఇవే ప్రధాన అనుమానితులని తేల్చారు. ఒక్కో బోరూ చిన్నదే. ఎవరూ నదిని చంపాలని బోరు వేయలేదు.

ఇంకో ముచ్చట, ఇది నా మనవరాలికి చెబితే రెండురోజులు అదే పాటగా తిరిగింది. నేల కింద నీళ్లలో బతికే జీవులున్నాయి. చీకట్లోనే పుట్టి చీకట్లోనే పోయేవి, చాలావాటికి కళ్లుండవు, రంగుండదు, బియ్యపు గింజంత కూడా ఉండనివి ఎన్నో. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఆచార్యులు వై. రంగారెడ్డి గారు, ఆయన శిష్యులు మన ఆంధ్రలో నేల కింది నీళ్లను జల్లెడపట్టి ఇలాంటి రొయ్య జాతి జీవులను ఎన్నింటినో లోకానికి చూపించారు. 2011లో ఆయన, విల్సన్ అనే మరో శాస్త్రవేత్త కలిసి వర్ణించిన ఒక ప్రజాతి పేరు ఆంధ్రకాయిడెస్. దాని దగ్గరి చుట్టాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. భారతదేశం, ఆస్ట్రేలియా ఒకే నేలగా అంటుకుని ఉన్న కాలం నాటి బంధుత్వం. ఖండాలు విడిపోయినా ఊట నీళ్లను పట్టుకుని బతికొచ్చాయి. నేల కిందికి చేరిన కుళ్లునూ సూక్ష్మజీవులనూ తింటూ నీటి దారులు మూసుకుపోకుండా చూసే పని ఇలాంటి జీవులది. మన అపార్ట్‌మెంట్ కింద ఏమున్నాయో ఎవరూ వెతకలేదు. మా కపిలబావి అడుగున కూడా ఎవరూ వెతకలేదు. పైన కనిపించిన తాబేలే మాకు తెలుసు, అదీ బావి ఎండిన ఏడు ఎటు పోయిందో చూడలేదు. గిజిగాళ్లు మరుసటేడు గూళ్లు కట్టలేదు.

"కావేరి ఐదో దశ వచ్చేసింది కదా టీచరమ్మా, ఇంక బోర్ల గోలెందుకు" అనేవాళ్లకు రెండు ముక్కలు. 2024 అక్టోబరులో మొదలైన ఆ దశ రోజుకు 77.5 కోట్ల లీటర్లు ఇస్తుంది, మనలాంటి శివారు 110 గ్రామాల కోసమే. మంచిదే. ఆ నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి, మనకన్నా ఎంతో పల్లం నుంచి కరెంటు మీద ఎక్కి వస్తాయి. కావేరిలో నీళ్లు తక్కువైన ఏడు ఆ ఎక్కేదీ తగ్గుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2007లో కావేరి ట్రిబ్యునల్ వాటాలు పంచినప్పుడు బెంగళూరు తాగునీటి అవసరంలో సగం భూగర్భ జలాలే తీరుస్తాయని లెక్కలో తీసేసింది. 2018లో సుప్రీంకోర్టు ఆ లెక్క కుదరదని, ఈ నగరానికి అదనంగా 4.75 టీఎంసీలు కలిపింది. మన కింద ఎంత ఉందో తెలియకుండా ఉందనుకోవడం ట్రిబ్యునల్ అంతటిదే చేసిందంటే, కార్యవర్గాన్ని నేనేం అంటాను.

వాడిన నీళ్ల మాట కూడా. మన ఎస్టీపీలో, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో, రోజుకు యాభై వేల లీటర్లకు పైగా శుద్ధి అవుతుందని బోర్డు మీద రాశారు. ఫ్లష్షులకు వెళ్లేది కొంత, తోటకు కొంత, మిగిలింది అదే మోరీలోకి. 2018 నుంచి ఈ నగరం శుద్ధి చేసిన మురుగునీటిని కేసీ వ్యాలీ పథకంలో కోలారు చెరువులకు పంపుతోంది. శ్రీనివాసపురంలో మా చెల్లెలి మామిడితోట పక్క బావిలో పదిహేనేళ్ల తర్వాత నీళ్లు కనిపించాయి. ఆమె సంతోషపడుతుంది, ఆ నీళ్లు పశువులకు తాపడానికి మాత్రం భయపడుతుంది. శుద్ధి రెండో దశలోనే ఆపేశారు, మూడో దశ చేయాలని అక్కడివాళ్లు కోర్టుల దాకా వెళ్లారు. రెండు పక్కలా న్యాయముంది. మన నీళ్లు మనమే బాగా శుద్ధి చేసుకుని మనమే వాడుకుంటే, ఆ తగువు మన గేటు దాకా రాదు.

కాబట్టి నా విన్నపం ఇది. నాలుగో అంశాన్ని ఆరు నెలలు వాయిదా వేయండి. ఆ డబ్బు వసూలు చేస్తే చేయండి, నేను మా అబ్బాయి చేత కట్టిస్తాను, కానీ ముందు ఇంటింటికీ నీటి మీటరు పెట్టించండి. ఇప్పుడు ఒంటరిగా ఉండే ముసలాయనా, రోజూ రెండు కార్లు కడిగే ఇల్లూ ఒకే బిల్లు కడుతున్నాయి, ఇది తగువుకన్నా సిగ్గుచేటు. స్కూటర్ల కింది గుంతలు తవ్వించండి. బోవిపాళ్య వాళ్లను పిలిపించి గరుసు ఎక్కడ తగులుతుందో చూపించమనండి. బేస్‌మెంట్ మోటారు పైపును మోరీ నుంచి తీసి తోట ట్యాంకుకు కలపడానికి ప్లంబరు పనంతా ఒక రోజుది, నేను అడిగాను. పారుతున్న రెండు బోర్ల మట్టం నెలకోసారి తాడు కట్టి కొలిచి, లిఫ్టు పక్కన ఆ కాగితం అంటించిన చోటే రాసి పెట్టండి. వేసవి తర్వాత కూడా బోరే కావాలని తేలితే, అప్పుడు ఈ ముసలామె గోల ఉండదు.

సమావేశం ఆదివారం పదకొండింటికి. తొమ్మిదిన్నర నుంచి నేను రెండో బేస్‌మెంట్‌లో, బి బ్లాకు లిఫ్టు వెనక ఉంటాను. బకెట్ తెస్తాను, మనవరాలు ఫోన్లో సెకన్లు లెక్కపెడుతుంది. మోటారు మోగే టైము చెప్పలేం, కాస్త ఆగాల్సి రావచ్చు. ఫ్లాస్కులో టీ కూడా తెస్తాను, గ్లాసులు మీవి మీరు తెచ్చుకోండి.

ఇట్లు,
ఏ బ్లాకు మూడో అంతస్తు,
ఓటు లేని ఒక రిటైర్డ్ సోషల్ టీచరు